తలుపు వేసినా ఆగని వయొలిన్: విజయనగరంలో ఒక స్లైడింగ్ డోర్ కేస్ స్టడీ

ఆ తలుపు బిగించింది నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఇకమీద చెప్పబోయే తప్పుల్లో సగం నావే మరి.

విజయనగరం కోట చుట్టుపక్కల పాత వీధుల్లో ఒకదాంట్లో ఒక వయొలిన్ మాస్టారి ఇల్లు ఉంది. ఆయన మా ఊరి సంగీత కళాశాలలోనే చదువుకున్నారు. 1919లో పెట్టిన కాలేజీ అది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పిన చోటు. అంచేత ఈ ఊళ్ళో సాయంత్రంపూట ఎవరింట్లోంచైనా సరళీ స్వరాలు వినిపిస్తే ఎవరూ విసుక్కోరు. మాస్టారికి ఇబ్బంది వీధివాళ్ళతో రాలేదు, సొంత మనవరాలితో వచ్చింది.

అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. హాల్లో కిటికీ పక్కన టేబుల్ వేసుకుని చదువుకుంటుంది. హాలుకీ పాఠం చెప్పే గదికీ మధ్య నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. ఆ గోడలో ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఖాళీ. నాలుగేళ్ళ కిందట ఆ ఖాళీలో నేను రెండు రెక్కల అల్యూమినియం స్లైడింగ్ డోర్ పెట్టాను, 5 మిల్లీమీటర్ల గాజుతో. మామూలు తలుపు పెడదామంటే గదిలో ఒక పక్క దివాన్, ఇంకో పక్క పుస్తకాల బీరువా. రెక్క తెరుచుకోవడానికి చోటు లేదు. అప్పట్లో అక్కడ క్లాసులు కూడా లేవు. అది మాస్టారు పేపరు చదువుకునే గది. రిటైరయ్యాక పిల్లలు రావడం మొదలైంది. ఇప్పుడు సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా ఆరుగురు పిల్లలు, ఆరు వయొలిన్లు.

నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఫిర్యాదు సిద్ధంగా ఉంది. "అంకుల్, తాతయ్య చెప్పే వర్ణాలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఫిజిక్సే రాలేదు."

మాస్టారు నవ్వలేదు. "తలుపు వేసినా వేయనట్టే ఉంది బాబూ. డబుల్ గ్లాస్ వేయిద్దామనుకుంటున్నాను. ఒకరు రేటు కూడా చెప్పారు" అన్నారు. ఆ కాగితం చూశాను. రెండు రెక్కలకీ పాత గాజు తీసేసి జంట గాజు వేయడం, రోలర్లు మార్చడం, అన్నీ కలిపి ముప్పై రెండు వేలు. నిజం చెప్పాలంటే నా బుర్రలో మొదట వచ్చిన ఆలోచన కూడా అదే. గాజు పల్చగా ఉంది, మందం పెంచితే సరిపోతుందని. మా లైనులో అందరం అలాగే ఆలోచిస్తాం. గాజు కంటికి కనిపిస్తుంది కాబట్టి నేరం దాని మీదికే పోతుంది.

ముందు కొలుద్దాం అన్నాను.

నా దగ్గర ఖరీదైన మీటరేమీ లేదు, ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్ ఉంది. అది చూపించే అంకె అచ్చంగా నిజమని నేను అనను. ఫోన్‌ని బట్టి ఐదారు డెసిబెల్స్ (చప్పుడుని కొలిచే కొలత) అటూ ఇటూ అవుతుంది. కానీ అదే ఫోను, అదే చోట, అదే చప్పుడుతో రెండుసార్లు కొలిస్తే ఆ రెంటి మధ్య తేడాని నమ్మవచ్చు. నాకు కావలసింది తేడాయే. పాత టీవీలో సిగ్నల్ పోతే బుస్‌మని ఒక చప్పుడు వచ్చేది చూడండి, అలాంటి రికార్డింగ్‌ని ఒక బ్లూటూత్ స్పీకర్లో పెట్టి గది మధ్యలో స్టూలు మీద ఉంచాను. వయొలిన్‌తోనే కొలవచ్చు కదా అని మాస్టారు అడిగారు. వయొలిన్ ఒక క్షణం ఉన్నట్టు ఇంకో క్షణం ఉండదు, బుస్‌మనే చప్పుడు ఒకేలా ఉంటుంది, పైగా అందులో సన్న స్వరం నుంచి లావు స్వరం దాకా అన్నీ ఉంటాయి. హాల్లో టేబుల్ మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి ఫోన్ అక్కడ పెట్టాం. ఫ్యాన్లు ఆపించాను, ఫ్రిజ్ కూడా.

గదిలో 85. తలుపు బార్లా తీస్తే హాల్లో 73. మూస్తే 62. అంటే తలుపు మూసినందుకు దక్కింది 11 డెసిబెల్స్. మన చెవికి 10 డెసిబెల్స్ తగ్గితే చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది, 3 తగ్గితే తేడా పట్టుకోవడమే కష్టం. అంత తలుపు పెట్టి చప్పుడుని సగం చేశానంతే. తలుపుగా చూస్తే అది సిగ్గుపడాల్సిన లెక్క.

ఇప్పుడు సందులు. సందు ఎంతుందో కొలవడానికి నేను డ్రిల్ బిట్లు వాడతాను. 3 మిల్లీమీటర్ల బిట్ దూరితే సందు కనీసం అంత ఉన్నట్టు, 4ది దూరకపోతే అంత లేనట్టు. రెండు రెక్కలు ఒకదాని మీద ఒకటి వచ్చే నడుమ భాగం, మేం ఇంటర్‌లాక్ అంటాం, అక్కడ 4 మిల్లీమీటర్లు. రెక్కల కింద 5, పైన 5. రెండు పక్కలా చెరో 2. అన్నిచోట్లా సందుని కప్పే ఉన్ని బ్రష్ పట్టీ ఉంది, నేనే తొడిగాను. కానీ నాలుగేళ్ళలో దుమ్ము పట్టి, ఒక పక్కకి వాలిపోయి, పాత టూత్‌బ్రష్‌లా అయింది.

రాత్రి లైట్లన్నీ ఆపి గదిలో టార్చి వేసి హాల్లోంచి చూశాను. నడుమ ఒక గీత, కింద మూలల్లో రెండు చుక్కలు, అంతే. ఈ పరీక్ష చాలామంది చేస్తారు, చేసి 'వెలుగు రావట్లేదు, తలుపు బాగానే ఉంది' అనుకుంటారు. అక్కడే మోసపోతాం. ఉన్ని వెలుగుని ఆపుతుంది, గాలిని ఆపదు. గాలి దూరేచోట చప్పుడూ దూరుతుంది. అందుకే అగరబత్తి వెలిగించి, గదిలో ఫ్యాన్ పెట్టి, హాలు వైపు నుంచి అంచుల వెంట తిప్పాను. టార్చి వెలుగు రాని చోట కూడా పొగ వణికింది. కింద ట్రాక్ దగ్గరైతే పొగ అడ్డంగా కొట్టుకుపోయింది.

అక్కడ వంగి చూస్తే నాకే నవ్వొచ్చింది. ట్రాక్‌లో బయటి వైపు అంగుళం పొడవున్న చీలికలు నాలుగు. వాన నీళ్ళు పోవడానికి కోసే కన్నాలవి. బాల్కనీలకి వాడే సెక్షనే తెచ్చి ఇంటి మధ్యలో పెట్టాను, షాపులో అలవాటుగా కన్నాలు కోసేశారు, నేనూ చూసుకోలేదు. హాల్లో వాన పడదు కదా.

ఇక లెక్క. ఇది నేను ఐటీఐలో నేర్చుకున్నది కాదు, పని చేస్తూ చేస్తూ పట్టుకున్నది. లాగరిథమ్స్ మాత్రం అమ్మాయి చేసింది, అది వాళ్ళ సిలబస్సే. సందుల వైశాల్యాలన్నీ కూడితే 318 చదరపు సెంటీమీటర్లు వచ్చింది. మొత్తం ద్వారం 31,500. అంటే ద్వారంలో 1 శాతం ఖాళీ. నలిగిన ఉన్ని ఎంతో కొంత ఆపుతుంది కానీ లెక్కకి దాన్ని ఖాళీగానే తీసుకున్నాం.

1 శాతం ఖాళీ ఉన్న అడ్డు ఏదైనా, మిగతా 99 శాతం ఇనుప గోడే కట్టినా, 20 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. నూరింట ఒక వంతు చప్పుడు ఆ ఖాళీలోంచి నేరుగా పోతుంది, నూరో వంతు అంటే 20 డెసిబెల్స్. 5 మిల్లీమీటర్ల గాజు ఒక్కటే, సందులేవీ లేకుండా బిగిస్తే, ఒక 30 దాకా ఆపుతుంది. సందుల్నీ గాజునీ కలిపి లెక్క వేస్తే 19.6 వచ్చింది. అప్పుడు అమ్మాయిని అడిగాను: "గాజు 30 బదులు 40 ఆపేదైతే?" కాలిక్యులేటర్ నొక్కింది. ఇంకోసారి నొక్కింది. 19.96.

ముప్పై రెండు వేలు పోస్తే అర డెసిబెల్ కూడా రాదు. మాస్టారు ఆ కాగితాన్ని మడిచి పంచాంగంలో పెట్టేశారు.

ఇంకో మాట కూడా చెప్పాను ఆయనకి. మధ్యలో అర అంగుళం గాలి వదిలి రెండు పల్చని గాజులు పెట్టే డబుల్ గ్లాస్ ఎండ వేడికి బాగా పనిచేస్తుంది. చప్పుడు విషయంలో అంతే బరువున్న ఒంటి గాజు కంటే గొప్పగా ఏం ఉండదు. చప్పుడుకి కావాలంటే రెండు గాజుల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర అంటించిన లామినేటెడ్ గాజు నయం. ప్రతి గాజుకీ దాని మందాన్ని బట్టి ఒక స్వరం దగ్గర బలహీనత ఉంటుంది. 5 మిల్లీమీటర్లకి అది సుమారు 2,400 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. వయొలిన్ గీరుడు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అంటే గాజు పూర్తిగా నిర్దోషి అని కాదు, దాని వంతు ఇంకా రాలేదు అంతే.

మొదటి ప్రయత్నం

తర్వాతి ఆదివారం నేనూ నా దగ్గర పనిచేసే కుర్రాడూ వెళ్ళి పాత బ్రష్‌లన్నీ పీకేశాం. ట్రాక్ కన్నాలు సిలికాన్‌తో మూశాం. ఫ్రేమ్‌కీ గోడకీ మధ్య తడితే టకటకమని బోలు శబ్దం వచ్చింది. అప్పట్లో నాలుగు స్క్రూల దగ్గర మాత్రం సిమెంట్ కూరి, పైన పుట్టీతో అందంగా కప్పేశాం మరి. అక్కడక్కడ గీకి, లోపలికంటా సిమెంట్ కూరి, అంచున సీలెంట్ లాగాం. ఇక రెక్కలకి బ్రష్‌ల బదులు అన్నిచోట్లా గట్టి రబ్బరు బీడింగ్. సందు 4 అయితే రబ్బరు 6. అదిమి పట్టి ఉండాలి కదా అని.

అంకె బాగానే దిగింది, 62 నుంచి 57కి. సంతోషంగా టీ తాగి వచ్చేశాను.

నాలుగు రోజులకి ఆ ఇంటి అమ్మగారి ఫోను. "బాబూ, ఇది తలుపా, కొట్టు షట్టరా? రెండు చేతులూ వేసి లాగితే గాని రావట్లేదు. చేతిలో కాఫీ గ్లాసుతో లోపలికెలా వెళ్ళేది?" వెళ్ళి చూశాను. క్లాసు నడుస్తోంది. తలుపు ఒక అర అంగుళం తెరిచి ఉంది. పిల్లలు దాన్ని పూర్తిగా మూయడం మానేశారు. కష్టపడి మూస్తే మళ్ళీ కష్టపడి తీయాలి. అర అంగుళం సందు, ఏడడుగుల ఎత్తు. లెక్క వేస్తే 250 చదరపు సెంటీమీటర్ల పైమాటే. నేను రోజంతా మూసిన సందులన్నీ కలిపితే ఎంతో, దాదాపు అంత ఖాళీని వాళ్ళు ఒక్క చోట వదిలేశారు. తప్పు పిల్లలది కాదు. స్లైడింగ్ తలుపు కదలాలంటే సందు ఉండి తీరాలి, చప్పుడు ఆగాలంటే సందు ఉండకూడదు. నేను ఈ రెండో దాన్నే పట్టుకుని మొదటిదాన్ని మర్చిపోయాను.

ఆ రాత్రి నాకు కొంచెం టెన్షనే. చేసిన పని విప్పాలి, పైసా అడగలేను.

రెండో ప్రయత్నం

మర్నాడు హాల్లో కూర్చుని ఊరికే చూస్తూ ఉన్నాను. వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. అందరూ కుడి రెక్కనే లాగుతున్నారు. ఎడమ రెక్కని ఎవరూ ముట్టుకోవట్లేదు. "అమ్మా, ఎడమ పక్కది ఎప్పుడైనా తీస్తారా?" అని అడిగితే, "దాని వెనక బీరువా ఉంది కదయ్యా, ఎందుకు తీస్తాం?" అన్నారు.

రెండు ట్రాకుల మీద రెండు రెక్కలుంటే ఎప్పుడైనా సగమే తెరుచుకుంటుంది. ఎటు సగం అన్నది మాత్రమే మన ఇష్టం. ఆ ఇష్టం ఈ ఇంట్లో నాలుగేళ్ళుగా ఎవరికీ అక్కరపడలేదు. అలాంటప్పుడు ఆ రెక్క కదలడం దేనికి? ఎడమ రెక్కని దాని స్థానంలో స్క్రూలతో బిగించేసి, కింద, పైన, పక్కన మూడు వైపులా సిలికాన్ నింపేశాను. కదిలే తలుపు చుట్టూ ఉన్న సందుల్లో ఇంచుమించు మూడో వంతు ఒక్క ట్యూబు సిలికాన్‌తో పోయింది. ఎప్పుడైనా సామాను కోసం తీయాలంటే బ్లేడుతో కోసి స్క్రూలు విప్పితే చాలు. ఈ కేసులో నేను చేసిన పనుల్లో అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. నాలుగేళ్ళ కిందటే అడిగి ఉండాల్సిన ప్రశ్న అది.

ఇక కుడి రెక్క. దీనికి కావలసింది, దారి పొడుగునా వదులుగా నడిచి, మూతపడే చివరి అంగుళంలో మాత్రం బిగుసుకోవడం. ఖరీదైన లిఫ్ట్ అండ్ స్లైడ్ తలుపుల్లో హ్యాండిల్ తిప్పితే రెక్క లేచి నడుస్తుంది, మళ్ళీ తిప్పితే రబ్బరు మీద కూర్చుంటుంది. ఆ సామాను ఇక్కడ పెట్టే బడ్జెట్ లేదు. కానీ ఆలోచన అరువు తెచ్చుకోవడానికి డబ్బులక్కర్లేదు.

తలుపు వెళ్ళి ఆనే పక్క నిలువునా ఒక యూ ఆకారపు చానెల్ బిగించాను. దాని లోపల బోలుగా, అర్ధచంద్రాకారంలో ఉండే మెత్తని ఈపీడీఎం రబ్బరు. రెక్క అంచు చానెల్లోకి దూరి ఆ రబ్బరుని నొక్కుతుంది. వెనక్కి రాకుండా పాత గొళ్ళెం తీసేసి, దగ్గరికి లాగి పట్టే హుక్ లాక్ పెట్టాను. ఇంటర్‌లాక్ దగ్గర రెండు రెక్కల నిలువు సెక్షన్లు ఒకదానికొకటి ఎదురుగా వస్తాయి. అక్కడ బిగించిన రెక్కకి మెత్తని రబ్బరు అంటించి, కదిలే రెక్కకీ దానికీ మధ్య మామూలు సమయంలో ఒక మిల్లీమీటరు ఖాళీ వదిలాను. ఆ ఖాళీ మూతపడేటప్పుడు పోవాలి. అందుకోసం పై ట్రాక్‌లోనూ కింది ట్రాక్‌లోనూ చివర ఏటవాలుగా కోసిన నైలాన్ ముక్కలు పెట్టాను. రెక్క ఆఖరి అంగుళం జరిగేటప్పుడు ఆ ముక్కలు దాన్ని పక్కకి, రబ్బరు వైపుకి ఒక రెండు మిల్లీమీటర్లు నెడతాయి. నైలాన్ ముక్కల ఏటవాలు కుదరడానికి మూడుసార్లు అరగదీయాల్సి వచ్చింది. ఎక్కువైతే రెక్క ఇరుక్కుంటుంది, తక్కువైతే రబ్బరుని తాకదు. న్యూస్‌పేపరు ముక్క రబ్బరుకీ రెక్కకీ మధ్య పెట్టి తలుపు వేసి లాగి చూడాలి. సులువుగా జారి వచ్చేస్తే పట్టు లేనట్టే. కొంచెం పట్టి చిరగకుండా వస్తే సరిపోయినట్టు. పై నుంచి కింద దాకా జానెడుకో చోట ఇలా చూశాం. పైన పట్టింది, నడుమ వదులు. గోడ తూకంలో లేకపోవడం వల్ల ఫ్రేమ్ నడుమ కొంచెం వంగింది. అక్కడ రబ్బరు కింద పల్చని పట్టీ వేసి ఎత్తు చేశాం.

కింద రబ్బరు పెట్టలేదు. నేలని రాసుకుంటూ వెళ్ళే రబ్బరు మళ్ళీ అమ్మగారి చేత తిట్టిస్తుంది. ఉన్ని బ్రష్‌లోనే మధ్యలో పల్చని ప్లాస్టిక్ పొర నిలబడి ఉండే రకం ఒకటి దొరుకుతుంది. మామూలు బ్రష్ కంటే గాలిని బాగా ఆపుతుంది, రాపిడి తక్కువ. దాన్ని రెక్క కింద లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి వేశాం. పైన సందు ఎందుకు పెద్దదంటే, రెక్కని ఎత్తి ట్రాక్‌లో కూర్చోబెట్టాలంటే ఆ ఖాళీ కావాలి. ఒకసారి కూర్చున్నాక దానితో పని లేదు. గది వైపు నుంచి ఎల్ ఆకారపు అల్యూమినియం పట్టీ పెట్టి దానికీ అదే రకం బ్రష్ వేశాం. ఇంటర్‌లాక్ పైనా కిందా మూలల్లో చిటికెనవేలు దూరేంత కన్నాలు మిగులుతాయి. చాలామంది వాటిని వదిలేస్తారు. నైలాన్ ముక్కలు కోసి వాటినీ మూశాం. బొబ్బిలి వీణని ఒకే పనస మొద్దులోంచి తొలుస్తారు, కుండకీ దండికీ మధ్య అతుకు ఉండదు. తలుపంటే అన్నీ అతుకులే, చప్పుడు వాటిని వెతుక్కుని మరీ వస్తుంది.

ఇప్పుడు తలుపు ఒక వేలితో నడుస్తుంది, చివర్లో కొంచెం తోస్తే టక్కుమని పడుతుంది. అమ్మగారు మూడుసార్లు తీసి వేసి చూసుకున్నారు. నేను ఫోన్ చాక్‌పీస్ గుర్తు మీద పెట్టాను.

57.

అదే 57. మొదటి ప్రయత్నంలో వచ్చిన అంకె. లెక్క ప్రకారం సందు పదో వంతుకి, అంటే 0.1 శాతానికి దిగితే తలుపు 27 దాకా ఆపాలి, హాల్లో ఒక 54 రావాలి. మా కుర్రాడు ఫోన్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

అటక

మేస్త్రీలు గోడల మట్టం చూడటానికి నీళ్ళు నింపి వాడే సన్నని లెవెల్ పైపు ఉంటుంది. ఖాళీ పైపు ఒక కొస చెవిలో పెట్టుకుని రెండో కొసని గోడ వెంట తిప్పితే డాక్టర్ల స్టెతస్కోపులా పనిచేస్తుంది. తలుపు అంచులన్నీ తిప్పాను. ఎక్కడా బుస్ గట్టిగా లేదు. కుర్రాడు నిచ్చెనెక్కి పైన తిప్పాడు. "అన్నా, కింద నుంచి కాదు. పైనుంచొస్తంది!"

తలుపు పైన అటక ఉంది. లింటెల్ మీద నుంచి స్లాబ్ దాకా రెండడుగుల ఎత్తు, ఐదడుగుల వెడల్పు. పాత ఇళ్ళలో ఒక్కోసారి గది వైపూ హాలు వైపూ రెండు పక్కలా తలుపులుంటాయి, ఎటు నుంచైనా సామాను తీసుకోవచ్చని. దీనికీ అంతే. రెండు వైపులా పల్చటి ప్లైవుడ్ తలుపులు, మధ్యలో బొమ్మల కొలువు పెట్టెలూ ఇత్తడి గంగాళం. మధ్యలో గోడ లేదు. గదిలో చప్పుడు ప్లైవుడ్ సందుల్లోంచి అటకలోకెక్కి హాల్లోకి దిగుతోంది. మొదటిసారి 57 దగ్గర ఆగినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. తలుపే దొంగ అనుకుని వేరే దారి చూడలేదు.

గంగాళం దింపించి, గది వైపు ప్లైవుడ్ తలుపులు తీసేసి, ఆ వైపుని శాశ్వతంగా మూసేశాం. 12 మిల్లీమీటర్ల సిమెంట్ బోర్డు రెండు పొరలు, మధ్యలో రెండంగుళాల రాక్‌వూల్ (రాతి నారతో చేసిన, అంటుకోని దూది లాంటిది), చుట్టూ అంచులన్నీ సీలెంట్. ఒక పొర అతుకు మీద ఇంకో పొర అతుకు రాకుండా చూసుకున్నాం. హాలు వైపు తలుపులు అలాగే ఉన్నాయి కాబట్టి అటక వాడకానికి ఇబ్బంది లేదు. పైపుతో వెతుకుతున్నప్పుడే ఇంకోటి దొరికింది, స్విచ్ బోర్డు. హాల్లో ఒకటి, గదిలో ఒకటి, గోడకి అటూ ఇటూ ఒకే చోట వీపులు ఆనించుకుని ఉన్నాయి. నాలుగున్నర అంగుళాల గోడలో రెండు పెట్టెలు పెట్టాక మధ్యలో మిగిలింది వేలెడు సిమెంట్, అది కూడా పగిలింది. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ని పిలిచి, పెట్టెల వెనక సిమెంట్ చేయించి, వైర్లొచ్చే పైపు మూతుల్లో రాక్‌వూల్ కూరాం. అక్కడ స్ప్రే ఫోమ్ కొట్టకండి, థర్మకోల్ కూరకండి. వైర్లున్న చోట అంటుకునేది ఏదీ పెట్టకూడదు.

మళ్ళీ కొలిస్తే 54. మొదటి రోజు 62 కదా, 8 తగ్గింది. అంకె చిన్నదే. కానీ ఫ్యాన్ వేస్తే హాల్లో ఎప్పుడూ ఉండే చప్పుడే 45, 46 ఉంటుంది. పిల్లలు వాయించేటప్పుడు గదిలో స్పీకరంత మోత ఉండదు, హాల్లోకి వచ్చేసరికి అది ఫ్యాన్ చప్పుడు దగ్గర కలిసిపోతోంది. అమ్మాయి తీర్పు అడిగాను. పెన్ను కొరుకుతూ కాసేపు విని, "వర్ణం అని తెలుస్తోంది అంకుల్. ఏ వర్ణమో తెలీడం లేదు" అంది. నాకది 54 కంటే బాగుంది.

మొత్తం ఖర్చు 14,600 రూపాయలు. అందులో ఎక్కువ భాగం అటకకే పోయింది. మొదటి ప్రయత్నం రబ్బరు, కూలి నా ఖాతాలో రాసుకున్నాను.

ఈ మధ్యలో మాస్టారు చాలా సలహాలు మోసుకొచ్చారు. ఎవరో గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించమన్నారట, ఎవరో మందపాటి కర్టెన్ చాలన్నారట. కర్టెనూ ఫోమూ గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, పాఠం స్పష్టంగా వినిపిస్తుంది, దాని వల్ల లోపలి మోత కూడా కాస్త తగ్గుతుంది. కానీ చప్పుడు అవతలికి పోకుండా అడ్డుకునేది బరువు, సందులేనితనం. ఈ రెండూ కోడిగుడ్ల అట్టకి లేవు. కర్టెన్ మాత్రం వేయించుకోమన్నాను, వయొలిన్ వినడానికి హాయిగా ఉంటుందని. ఇక లామినేటెడ్ గాజు. ఇప్పుడు సందులు తగ్గాయి కాబట్టి దాని వంతు వచ్చింది. 5+5 లామినేటెడ్ వేస్తే మరో 2 డెసిబెల్స్ రావచ్చని అమ్మాయి లెక్క తేల్చింది. గాజు చదరపు మీటరుకి ఒక్కో మిల్లీమీటరుకీ రెండున్నర కిలోలు. ఆ రెక్కకి ఇప్పుడున్న 19 కిలోల గాజు సుమారు 38 అవుతుంది, రోలర్లు మార్చాలి, నైలాన్ ముక్కలు మళ్ళీ అరగదీయాలి. 2 డెసిబెల్స్ కోసం వద్దనుకున్నాం.

ఒప్పుకోవాల్సినది ఒకటుంది. శనివారాలు ఒక కుర్రాడు మృదంగం తీసుకుని వస్తాడు. అది మాత్రం హాల్లోకి బాగానే వస్తోంది. ఎడమ వైపు తొప్పి మోత లావు స్వరం, దాన్ని ఆపాలంటే రబ్బరుతో పని కాదు, గోడంత బరువు కావాలి. మందపాటి తివాచీ వేసి దాని మీద కూర్చుని వాయించమన్నాను, నేల గుండా వచ్చేదైనా తగ్గుతుందని. శనివారం సాయంత్రాలు అమ్మాయి మేడ మీద చదువుకుంటోంది.

గది బిగుసుకుపోయింది కాబట్టి గాలి కోసం పెరటి వైపు కిటికీ తెరిచి ఉంచుకోమన్నాను. అటు పక్కింటివాళ్ళకి వినిపిస్తుంది కదా అంటే, మాస్టారు తేలిగ్గా తీసేశారు. వాళ్ళమ్మాయీ ఇక్కడే నేర్చుకుంటోందట.

మూడు నెలల తర్వాత, మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ వెళ్ళాక ఒకసారి చూసిరావడానికి వెళ్ళాను. ఇలాంటి పనుల్లో మూడో నెలలో ఒకసారి చూడకపోతే ఏడాదికి మళ్ళీ మొదటికొస్తుంది. యూ చానెల్లో రబ్బరు ఒక అడుగు మేర ఊడి వేలాడుతోంది, సరిగ్గా పిల్లల చేయి పడే ఎత్తులో. జిగురు మార్చి మళ్ళీ అంటించి, ఈసారి పైనా కిందా చిన్న స్క్రూ కూడా వేశాను. కింది బ్రష్‌లో దారప్పోగులు తీశాను. కొలిస్తే 55. ఒకటెందుకు పెరిగిందా అని మళ్ళీ లెవెల్ పైపు తీశాను.

సంగతేమిటంటే, తలుపు వేసుకుంటే మాస్టారికి వీధి తలుపు కాలింగ్ బెల్ వినిపించట్లేదట. పిల్లలు బయట నిలబడి నిలబడి ఫోన్లు చేస్తున్నారట. అందుకని గదిలో ఇంకో బెల్ పెట్టించారు. వైరు కోసం ఎలక్ట్రీషియన్ గోడలో, తలుపు పక్కనే, బొటనవేలంత కన్నం వేసి సన్నటి వైరు లాగి వదిలేశాడు. పైపు అక్కడ పెట్టగానే బుస్‌మంది. జేబులో మిగిలిన సీలెంట్ కూరి వేలితో అద్దాను.

"బెల్ వినిపిస్తుంది కదా బాబూ?" అని కంగారుగా అడిగారు మాస్టారు. కుర్రాణ్ణి వీధి తలుపు దగ్గరికి పంపి మూడుసార్లు నొక్కించి చూపించి వచ్చాను.